చిన్న దేశం సైన్యం మీద అంత ఖర్చు పెట్టడం వృథాయేనా?

ప్రశ్న అడిగినవారు అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్-1కి చదువుకుంటున్నామని రాశారు. వారి సందేహం క్లుప్తంగా ఇది: "ఎస్టోనియా లాంటి పదమూడు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశం ఐదు శాతానికి మించి సైన్యానికి పెడతానంటోంది. రష్యా తలుచుకుంటే ఆ దేశం వారం కూడా నిలబడదు. ఆ డబ్బేదో బడులకీ ఆసుపత్రులకీ పెట్టుకోవచ్చు కదా? ఇది భయంతో చేస్తున్న వృథా ఖర్చు కాదా?"

నేను ఇక్కడే కంచన్‌బాగ్ వైపు, రక్షణ ఉత్పత్తుల ధరలు, కాంట్రాక్టుల లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. యుద్ధం ఎలా చేయాలో చెప్పే అర్హత నాకు లేదు, అది సైన్యంలో పనిచేసినవాళ్ళు చెప్పాలి. ఆయుధానికి పెట్టిన రూపాయి ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎస్టోనియా ఖర్చు పెంచడం సరైన పనే. అయితే ఆ ఐదు శాతం చూసి మెచ్చుకోవడానికీ లేదు, తిట్టడానికీ లేదు. ఆ డబ్బు మందుగుండుగా, శిక్షణ పొందిన మనుషులుగా, మరమ్మతు సామానుగా మారుతోందా లేదా అన్నదే అసలు విషయం. అలా మారకపోతే పది శాతం పెట్టినా లాభం లేదు.

ముందు శాతం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే పరీక్షల్లో చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు. ఐదు శాతం అన్నది బడ్జెట్‌లో కాదు, జీడీపీలో. ఎస్టోనియా జీడీపీ స్థూలంగా 40 బిలియన్ యూరోలు. అందులో ఐదు శాతమంటే 2 బిలియన్లు. యూరోకి వంద రూపాయలు వేసుకుంటే ఇరవై వేల కోట్లు. అక్కడ ప్రభుత్వ ఖర్చంతా కలిపితే జీడీపీలో నలభై శాతం దాటుతుంది. కాబట్టి ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి ఎనిమిది యూరోల్లో ఒకటి సైన్యానికి పోతున్నట్టు లెక్క. మన కేంద్ర బడ్జెట్ 2025-26లో మొత్తం 50.65 లక్షల కోట్లు, అందులో రక్షణకి 6.81 లక్షల కోట్లు. అంటే పదమూడు శాతం పైన. జీడీపీలో చూస్తే మనది రెండు శాతం లోపే. కేంద్ర బడ్జెట్‌నీ, ఒక దేశం మొత్తం ప్రభుత్వ ఖర్చునీ పక్కపక్కన పెట్టడం పూర్తిగా సబబు కాదని నాకు తెలుసు. కొలిచే కర్ర మారితే బొమ్మ ఎంత మారుతుందో చూపించడానికే చెప్పాను.

ఇంకోటి. 2025 జూన్‌లో హేగ్ సమావేశంలో నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) సభ్య దేశాలు 2035 నాటికి ఐదు శాతం అని ఒప్పుకున్నప్పుడు, అందులో అసలు సైనిక ఖర్చు 3.5 శాతమే. మిగతా 1.5 శాతంలో రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివి చూపించుకోవచ్చు. ఈ రెండో పద్దులో ఏ ప్రభుత్వమైనా ఎలాగూ వేయాల్సిన రోడ్డునే రాసేసుకోవచ్చు. ఎస్టోనియా మాత్రం 2026 నుంచి నాలుగేళ్ళు సగటున 5.4 శాతం నేరుగా రక్షణకే అని 2025లో నిర్ణయించుకుంది. లిథువేనియా కూడా 2026 నుంచి ఐదారు శాతం అంటోంది. 2014లో వేల్స్ సమావేశంలో రెండు శాతం లక్ష్యం పెట్టుకున్నప్పుడు అదే ఎక్కువని చాలా దేశాలు నసిగాయి. పదేళ్ళలో ఎంత తేడా వచ్చిందో చూడండి.

ఇప్పుడు మీ "వారం కూడా నిలబడదు" అన్న మాట దగ్గరికి వస్తాను. ఎస్టోనియా పరిమాణం మనకి అర్థం కావాలంటే, 2011 జనాభా లెక్కల్లోనే జీహెచ్‌ఎంసీ పరిధిలో 67 లక్షల మంది ఉన్నారు. ఎస్టోనియా దేశం మొత్తం అందులో ఐదో వంతు. విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగం కూడా లేదు. రష్యాతో సరిహద్దు దాదాపు 300 కిలోమీటర్లు. నార్వా అనే ఊళ్ళో నదికి ఇవతల ఎస్టోనియా కోట, అవతల రష్యా కోట, మధ్యలో ఒక వంతెన. వెనక్కి తగ్గి సర్దుకోవడానికి ఆ దేశానికి చోటు లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే వాళ్ళు కొనే ప్రతి వస్తువూ ఎందుకు కొంటున్నారో అర్థమవుతుంది.

వాళ్ళకి దీని చరిత్ర కూడా ఉంది. 1939 సెప్టెంబరు 28న సోవియట్ యూనియన్ ఒత్తిడికి లొంగి ఎస్టోనియా తన నేల మీద సోవియట్ స్థావరాలకి ఒప్పుకుంది. పోరాడితే నాశనమైపోతాం, ఒప్పుకుంటే మిగులుతాం అనుకున్నారు. మరుసటి ఏడాది జూన్‌లో దేశాన్నే ఆక్రమించుకున్నారు. 1941 జూన్‌లో ఒక్కసారిగా దాదాపు పదివేల మందిని రైళ్ళకెక్కించి సైబీరియా వైపు తరలించారు. 1949 మార్చిలో ఇంకో ఇరవై వేల మందిని. పక్కనే ఉన్న ఫిన్లాండ్‌ని కూడా స్థావరాలు, భూభాగం అడిగారు, వాళ్ళు కుదరదన్నారు. 1939 నవంబరు 30 నుంచి 1940 మార్చి 13 వరకు యుద్ధం జరిగింది. ఫిన్లాండ్ ఓడిపోయింది, దాదాపు పదో వంతు నేల పోగొట్టుకుంది, వేలమంది కుర్రాళ్ళని పోగొట్టుకుంది. కానీ దేశంగా మిగిలింది. ఎస్టోనియాకి మళ్ళీ స్వాతంత్ర్యం రావడానికి 1991 ఆగస్టు దాకా పట్టింది. చివరి రష్యన్ సైనిక దళాలు వెళ్ళింది 1994 ఆగస్టు 31న. ఆ రెండు దేశాల పెద్దవాళ్ళు ఈ పోలికతోనే బతికారు. అలాంటి వాళ్ళకి "ఎలాగూ ఓడిపోతారుగా" అని చెబితే, ఎలా ఓడిపోతామన్నదే మాకు తేడా అంటారు. నాకు అది భయంలాగా కనిపించదు.

అయితే ఎస్టోనియా ఒంటరిగా రష్యాని ఓడించాలని ఈ డబ్బు పెట్టడం లేదు. 2004 నుంచి నాటోలో ఉంది. తన దగ్గర ఒక్క యుద్ధవిమానం కూడా లేదు, గగనతల కాపలా మిత్రదేశాలు వంతులవారీగా చూస్తాయి. బ్రిటన్ నాయకత్వంలో ఒక దళం 2017 నుంచి తాపా అనే చోట ఉంటోంది. కాబట్టి ఎస్టోనియా కొనుక్కుంటున్నది సమయం. మొదటి రోజు నుంచే సరిహద్దు దగ్గర ఆపగలిగితే, మిగతావాళ్ళు చేరుకునేదాకా దేశం దేశంగా ఉంటుంది. ముందు పోగొట్టుకుని తర్వాత విడిపించుకుందాం అనుకుంటే ఆ మధ్యలో జనం ఏమవుతారో 1941 చెప్పింది.

ఈ దృష్టితో వాళ్ళ కొనుగోళ్ళు చూడండి. దక్షిణ కొరియా కె-9 ఫిరంగులు 36 (మన సైన్యంలో ఉన్న కె-9 వజ్ర ఈ కుటుంబానిదే). ఫ్రాన్స్ నుంచి సీజర్ ఫిరంగులు 12. అమెరికా నుంచి హైమార్స్ రాకెట్ వాహనాలు ఆరు, 2022 డిసెంబరులో ఆర్డరిస్తే 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. లాత్వియాతో కలిసి జర్మనీ నుంచి ఐరిస్-టి గగనతల రక్షణ వ్యవస్థ. సరిహద్దు పొడవునా 600 బంకర్లు కట్టాలని 2024 జనవరిలో ప్రకటించారు, అంచనా 60 మిలియన్ యూరోలు. ఒక్కో బంకరు 35 చదరపు మీటర్లు, పదిమంది సైనికులకి, 152 మిల్లీమీటర్ల షెల్ (ఫిరంగి గుండు) నేరుగా వచ్చి పడినా తట్టుకోవాలి. మన లెక్కలో ఒక చిన్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటంత. అరవై మిలియన్లని ఆరువందలతో భాగిస్తే ఒక్కోదానికి లక్ష యూరోలు. ఆ మొత్తం పద్దులో ఇది చాలా చిన్న అంకె. నా దృష్టిలో ఆ జాబితా మొత్తంలో పెట్టిన డబ్బుకి తగ్గ ఫలితమిచ్చేది ఇదే. కాంక్రీటుకి స్పేర్లు అక్కర్లేదు, పైలట్ అక్కర్లేదు.

ఫిరంగుల సంగతి వేరు. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. 2023 ఫిబ్రవరిలో యుక్రెయిన్ కోసం పది లక్షల షెల్స్ అందరం కలిసి కొందామని యూరప్ యూనియన్ ముందు ప్రతిపాదన పెట్టింది ఎస్టోనియానే. వాళ్ళు వేసిన ఖర్చు అంచనా 4 బిలియన్ యూరోలు. అంటే ఒక్క షెల్ 4,000 యూరోలు, మన డబ్బులో నాలుగు లక్షలు. ఇప్పుడు 36 కె-9లు రోజుకి తలా వంద షెల్స్ కాల్చాయనుకోండి. 3,600 షెల్స్, 1.44 కోట్ల యూరోలు. రోజుకి 144 కోట్ల రూపాయలు. నెలరోజులు నిలబడాలంటే 4,300 కోట్ల రూపాయలు పైన, ఒక్క రకం ఫిరంగికి, ఒక్క రకం షెల్‌కే. ఇరవై వేల కోట్ల వార్షిక ఖర్చులో ఐదో వంతు అక్కడే తేలింది. ఇందులో షెల్‌ని పేల్చే ఫ్యూజులు లేవు, దాన్ని ముందుకు నెట్టే మందు లేదు, గోదాములు లేవు, ఆ గోదాముకి కాపలా లేదు. కొన్నాళ్ళకి ఫిరంగి గొట్టం అరిగిపోయి మార్చాల్సి వస్తుంది, అదీ లేదు.

పరేడ్‌లో ఫిరంగి కనిపిస్తుంది, షెల్ కనిపించదు. అందుకే శాంతికాలంలో ఏ దేశంలోనైనా మంత్రులు ముందు కోత పెట్టేది మందుగుండుకే. ఆ పది లక్షల షెల్స్ పన్నెండు నెలల్లో ఇస్తామని 2023 మార్చిలో ఒప్పుకున్న యూరప్, 2024 మార్చి గడువుకి ఇవ్వలేకపోయింది. డబ్బు లేక కాదు. ఏళ్ళ తరబడి ఆర్డర్లు లేక ఫ్యాక్టరీలు లైన్లు మూసేసుకున్నాయి, పేలుడు పదార్థాలు తయారుచేసేవాళ్ళు తగ్గిపోయారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టయింది. స్వీడన్ గోట్‌లాండ్ ద్వీపంలో 2005లో రెజిమెంటుని ఎత్తేసి 2018లో మళ్ళీ పెట్టింది. మూసేటప్పుడు మిగిలిందనుకున్న డబ్బు, తిరిగి తెరిచేటప్పుడు వడ్డీతో సహా పోతుంది, ఎందుకంటే మనుషుల నైపుణ్యం గోదాములో దాచిపెట్టే సరుకు కాదు. సింగపూర్‌ని నేను ఈ విషయంలో గౌరవిస్తాను. 1967 నుంచి నిర్బంధ సైనిక సేవ ఆపలేదు, జీడీపీలో మూడు శాతం అటూ ఇటూ ఏళ్ళ తరబడి నిలకడగా పెడుతూ వచ్చింది. ఉలిక్కిపడి పెంచడం, మరిచిపోయి తగ్గించడం లేదు.

నా ఉద్యోగంలో రోజూ చూసిన విషయం ఒకటి చెబుతాను. డీఎంఆర్‌ఎల్ చౌరస్తా దాటి మిధాని డిపో వైపు వెళ్తుంటే ఎడాపెడా కనిపించే ఆ గోడల వెనక క్షిపణులకి కావాల్సిన లోహం దగ్గర్నుంచి పూర్తి క్షిపణి దాకా తయారవుతాయి. క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్ 1970లో, లోహాలు చేసే మిధాని 1973లో వచ్చాయి. బయటివాళ్ళు అడిగేది ఒక్కటే ప్రశ్న, "ఒక్కో క్షిపణి ఎంతవుతుంది?" లెక్కల మనిషికి అది మొదటి పేజీలో మొదటి వరస మాత్రమే. క్షిపణిని డబ్బాలో పెట్టి తాళం వేసుకుంటే సరిపోదు. లోపలి ఘన ఇంధనానికి వయసుంటుంది, బ్యాటరీకి గడువుంటుంది, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి. గడువు దగ్గరపడ్డప్పుడు కొన్నిటిని విప్పి పరీక్షించి మిగతావాటికి గడువు పొడిగించాలి, లేదా భాగాలు మార్చాలి. దానికి పరీక్షా పరికరాలు కావాలి, అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసే క్యాలిబ్రేషన్ కావాలి, అది చేసే టెక్నీషియన్‌కి శిక్షణ కావాలి. రాడార్ వాహనానికి ఏసీ చెడిపోతే రాడారే పనిచేయదు. ఆ ఏసీ కంప్రెసరు తయారుచేసే కంపెనీ మోడల్ ఆపేస్తే, ముందుగా కొని పెట్టుకోలేదని ఫైల్లో ప్రశ్న వస్తుంది. ఇవన్నీ రెవెన్యూ పద్దులో, పేపర్లకి ఎక్కని వరసల్లో ఉంటాయి. కొన్న ధర కన్నా వాడినన్నాళ్ళూ అయ్యే ఖర్చే ఎక్కువ అన్నది మా విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదట నేర్పే పాఠం.

చిన్న దేశానికి ఇది ఇంకా బరువు. మనలాంటి పెద్ద సైన్యం వందల సంఖ్యలో కొంటుంది, స్పేర్ల ధర తగ్గుతుంది, ఇక్కడే మరమ్మతు కేంద్రం పెట్టుకోగలం. ఆరు వాహనాలు కొన్న దేశం ఆ ఆరింటికీ అంతే పరీక్షా పరికరాలు కొనాలి. అందుకే చిన్న దేశాలు పక్కవాళ్ళతో కలిసి ఒకే మోడల్ కొనడం తెలివైన పని. ఎస్టోనియా, లాత్వియా ఐరిస్-టి కలిసి కొన్నది అందుకే. నాలుగు దేశాల నుంచి నాలుగు రకాలు కొనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. ఫొటోకి బాగుంటాయి, మూడేళ్ళ తర్వాత ఒకదాని భాగాలు పీకి ఇంకోదానికి పెట్టుకునే స్థితి వస్తుంది.

ఆర్మేనియా దీనికి కళ్ళ ముందున్న ఉదాహరణ, పైగా మన హైదరాబాద్‌తో సంబంధమున్నది. ముప్పై లక్షల జనాభా. ఆయుధాలు దాదాపు అన్నీ రష్యా నుంచే కొనేది. సుఖోయ్-30 విమానాలు నాలుగు కొంది, 2019లో వచ్చాయి. 2020 సెప్టెంబరులో అజర్‌బైజాన్‌తో 44 రోజుల యుద్ధం వచ్చింది. ఆ విమానాలు పనికి రాలేదు. వాటికి క్షిపణులు కొనలేదని ప్రధాని నికోల్ పషిన్యాన్ తర్వాత తానే ఒప్పుకున్నారు. నాలుగు ఖరీదైన యుద్ధవిమానాలు, కింద తగిలించడానికి ఆయుధం లేదు. జీడీపీ శాతం లెక్కలో మాత్రం ఆ ఖర్చు ఎంచక్కా కనిపించి ఉంటుంది. ఆ దేశంలో ఎంతమంది తల్లులు దానికి మూల్యం చెల్లించారో ఏ శాతంలోనూ కనిపించదు.

తర్వాత రష్యాకి డబ్బు కట్టిన ఆయుధాలు కూడా రాలేదని ఆయన బహిరంగంగానే అన్నారు. 2023 సెప్టెంబరులో, ఆ రెండు దేశాలు కొట్లాడుకున్న నాగోర్నో-కరాబాఖ్ ప్రాంతం నుంచి లక్షమందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్ళు వదిలి వచ్చేశారు. అప్పటికే ఆ దేశం మనవైపు తిరిగింది. స్వాతి రాడార్లు, పినాక రాకెట్లు, ఆకాశ్ క్షిపణులు తీసుకుంది. ఆకాశ్ ఇక్కడి రక్షణ పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్ రూపొందించి, భారత్ డైనమిక్స్ తయారుచేసే క్షిపణి, పాతిక కిలోమీటర్ల దాకా వెళ్తుంది. దాన్ని ఎగుమతి చేయడానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో అనుమతినిచ్చింది. 2025లో ఆర్మేనియా రక్షణ బడ్జెట్ దాదాపు 1.7 బిలియన్ డాలర్లు, జీడీపీలో ఆరు శాతం ప్రాంతం. మన ఊళ్ళో తయారైన వస్తువు అంత దూరంలో ఒక చిన్న దేశాన్ని కాపాడటానికి వెళ్ళిందంటే ఈ పనిలో బతికినవాడిగా నాకు గర్వమే. ఆ గర్వంతో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. వాళ్ళకి ఇరవై ఏళ్ళు స్పేర్లు, గడువు పొడిగింపులు సమయానికి ఇవ్వాల్సింది మనం. ఇవ్వకపోతే వాళ్ళకి మనకీ పాత అమ్మకందారుకీ తేడా ఉండదు.

ఇక "వేరేవాళ్ళు కాపాడతారుగా, మన డబ్బెందుకు" అనేవాళ్ళకి హైదరాబాద్ చరిత్ర కన్నా మంచి జవాబు నాకు తెలియదు. మీరు ఎలాగూ చదువుతున్న సిలబస్సే, ఈ కోణంలో ఒకసారి చూడండి. 1798 వరకు నిజాం అలీ ఖాన్ దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన సైన్యం ఉండేది. గన్‌ఫౌండ్రీ పేరు ఆనాటి ఫిరంగుల కర్మాగారం నుంచే వచ్చింది. మూసారాంబాగ్ పేరు ఆయనదే అంటారు. ఆ ఏడాది మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, కంపెనీ సైన్యం నిజాం రాజ్యంలో ఉంటుంది, దాని ఖర్చు ఏటా 24 లక్షలకు పైగా రూపాయలు నిజాం భరించాలి. రెండేళ్ళు దాటగానే, 1800లో, ఆ ఖర్చు కింద నగదు కాక భూమే ఇచ్చేయాల్సి వచ్చింది. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు. మనం దత్త మండలాలు అని చదువుకునేది ఈ పద్దునే.

అక్కడితో ఆగలేదు. తర్వాత బ్రిటిష్ అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో దళం తయారైంది, బొల్లారం దాని కేంద్రాల్లో ఒకటి. పేరు నిజాందే, జీతాలు నిజాం ఇచ్చేవే, ఆజ్ఞలు మాత్రం రెసిడెంట్ (హైదరాబాద్‌లో ఉండే కంపెనీ ప్రతినిధి) మనుషులవి. జీతాలకి ఖజానాలో డబ్బు చాలక పామర్ కంపెనీ అనే ప్రైవేటు వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశారు. ఆ దళం జీతాల బాకీ పేరుతోనే 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరార్‌ని రాయించుకున్నాడు. పత్తి పండే నల్లరేగడి నేల అది. ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే దివాన్ సిరాజ్-ఉల్-ముల్క్ కన్నుమూశారు, ఇరవై నాలుగేళ్ళ సాలార్ జంగ్ ఆ అప్పుల ఖజానాతో దివాన్‌గిరీ చేపట్టారు. నిజాం రక్షణ ఖర్చు తగ్గలేదు. తన సైన్యం మీద పెట్టాల్సిన డబ్బే ఇంకొకరి చేతి కింది సైన్యం మీద, ఎక్కువ ధరకి, నేలతో సహా పెట్టాడు. అప్పటి కంపెనీ రాజ్యానికీ ఇప్పటి నాటోకీ పోలిక లేదని నాకు తెలుసు. నాటోలో చేరిన దేశానికి ఓటుంది, వద్దంటే బయటికి రావచ్చు. అయినా ఒక విషయం మారలేదు. సొంతంగా ఏమీ లేనివాడు మిత్రుడి దగ్గర కూడా బేరం ఆడలేడు. తన వంతు పెట్టేవాడి మాటకే బల్ల దగ్గర విలువ. ఎస్టోనియా తన దగ్గరున్న, వాహనానికి తగిలించి లాగే 155 మిల్లీమీటర్ల ఫిరంగులన్నీ 2023లో యుక్రెయిన్‌కి ఇచ్చేసింది. ఆ తర్వాత షెల్స్ గురించి అది మాట్లాడితే పెద్ద దేశాలు విన్నాయంటే కారణం అదే.

ఉత్త డబ్బుతోనూ పని జరగదు. గల్ఫ్‌కి మనవాళ్ళు వెళ్ళిన కుటుంబాల్లో 1990 ఆగస్టు 2 ఇంకా గుర్తుంటుంది. కువైట్ ధనిక దేశం, కొత్త ఆయుధాలకి లోటు లేదు. ఇరాక్ సైన్యం రెండు రోజుల్లో దేశమంతా ఆక్రమించింది. కువైట్ సైన్యం అప్రమత్తంగా లేదు, రిజర్వు బలం లేదు. మన దేశం లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎస్టోనియాలో ఏటా మూడున్నర, నాలుగు వేల మంది కుర్రాళ్ళు నిర్బంధ సేవలో శిక్షణ పొంది రిజర్వులోకి వెళ్తారు. యుద్ధమొస్తే వచ్చేది ఈ టీచర్లు, డ్రైవర్లు, ప్రోగ్రామర్లే. దీనివల్ల జీతాలు, పెన్షన్ల భారం కూడా తక్కువ. మన 6.81 లక్షల కోట్లలో 1.6 లక్షల కోట్లు పెన్షన్లకే పోతాయి, ఆయుధాలు, నిర్మాణాల క్యాపిటల్ పద్దు 1.8 లక్షల కోట్లు. రెండు దేశాల శాతాలు పక్కపక్కన రాసేముందు ఈ తేడా కూడా చూడాలి.

బడులు, ఆసుపత్రుల సంగతి మీరు అడిగారు, అది దాటవేయను. ఆ డబ్బు ఎవరి జేబులోంచో రావాలి. ఎస్టోనియా విలువ ఆధారిత పన్నుని 2024 జనవరిలో 20 నుంచి 22 శాతానికి, 2025 జూలైలో 24కి పెంచింది. ఆదాయపు పన్ను 22 అయింది. కార్ల మీద కొత్త పన్ను వచ్చింది. పాలు కొనుక్కునే పింఛనుదారు కూడా ఫిరంగికి చందా కడుతున్నట్టే. అక్కడి జనం దీనిమీద గట్టిగానే గొడవపడుతున్నారు, పడాలి కూడా. డెన్మార్క్ అయితే 1686 నుంచి ఉన్న ఒక ప్రార్థనా దినపు సెలవునే 2024 నుంచి రద్దు చేసి, ఆ రోజు పని మీద వచ్చే రాబడి రక్షణకి అంది. కార్మిక సంఘాలు వీధికెక్కాయి. నాకు ఈ పద్ధతులు కష్టంగా ఉన్నా నిజాయితీగా అనిపిస్తాయి. ఖర్చు ఎంతో, ఎవరు కడుతున్నారో జనానికి తెలుస్తోంది. ఎస్టోనియా ప్రభుత్వ అప్పు 2024 చివరికి జీడీపీలో పాతిక శాతం లోపే ఉంది కాబట్టి కొంత అప్పు చేసినా తట్టుకుంటుంది.

శ్రీలంకది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ. 2009 మేలో యుద్ధం ముగిసినా సైన్యం తగ్గలేదు, పన్నులు తగ్గించారు, అప్పులు పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. 2023 జనవరిలో రెండు లక్షల సైన్యాన్ని 2030 నాటికి లక్షకి తగ్గిస్తామని ప్రకటించింది. ప్రమాదం పోయాక కూడా అలవాటుగా పెట్టే ఖర్చు మీ మాటల్లో వృథానే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసుకుని బాగానే బతుకుతోంది. పక్కన రష్యా ఉంటే అలా చేసేదా అన్నది మీరే ఆలోచించండి.

ఎస్టోనియా విషయంలో నాకున్న అనుమానం ఒకటే. ఇంత డబ్బు ఇంత తొందరగా వస్తే కొనే విభాగం తట్టుకోవాలి. సంవత్సరాంతానికి బడ్జెట్ మిగిలిపోతుందన్న కంగారులో సంతకాలు జరిగినప్పుడు ఏం జరుగుతుందో మార్చి నెలలో ఏ ఆఫీసులోనైనా పనిచేసినవాళ్ళకి తెలుసు. అమ్మేవాడికి ఆ తొందర తెలిస్తే ధర దిగదు. యూరప్ మొత్తం ఒకేసారి కొంటోంది, ఫ్యాక్టరీల వరసలో చిన్న దేశం ఆర్డరు వెనక్కి పోయే ప్రమాదముంది. ముందస్తు చెల్లింపు చేసేసి, సరుకు కోసం ఏళ్ళు ఎదురుచూడాల్సి వస్తే ఆ ఏడాది శాతం బాగుంటుంది, గోదాము ఖాళీగా ఉంటుంది.

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే శాతంతో మొదలుపెట్టి శాతంతో ముగించకండి. మందుగుండు వాటా ఎంత, ఏటా శిక్షణ పొందేవాళ్ళు ఎంతమంది, ఆర్డరిచ్చినవాటిలో చేతికొచ్చినవి ఎన్ని, డబ్బు పన్నుల నుంచా అప్పుల నుంచా, ఈ నాలుగూ రాయండి. ఎస్టోనియాతో పాటు ఆర్మేనియా, శ్రీలంక ఉదాహరణలు పెడితే దిద్దేవాళ్ళకి మీరు ఆలోచించారని తెలుస్తుంది. వ్యాసం రాశాక ఇక్కడ పెట్టండి, అంకెలు నేను సరిచూసి చెబుతాను.